‘ఇంకా ఉంది’ అన్నచోట ఆపండి

పది పన్నెండేళ్ల పిల్లలు మాంత్రికుడి కథ చదువుతూ కనిపిస్తే మన ఇళ్లలో రెండు ప్రశ్నలు తయారుగా ఉంటాయి. “ఇది పరీక్షలో వస్తుందా?” అనేది ఒకటి, “ఇందులో నీతి ఏంటి?” అనేది రెండోది. దయచేసి రెండూ అడక్కండి. ఎందుకో చెబుతాను.

కిందటి వానాకాలం భద్రాచలం అవతల ఒక ఆశ్రమ పాఠశాలలో ఆరో తరగతి పిల్లలకు కథ చెప్పాను. అప్పటికప్పుడు అల్లిన కథ. మాంత్రికుడు డేగగా మారి రాకుమారుణ్ణి ఎత్తుకొచ్చి నట్టడవిలో పడేస్తాడు. శ్రావణమాసం, కుండపోత వాన. పాపం ఆకలి. రాకుమారుడు చెట్టు కింద రాలిన ఇప్పపూలు ఏరుకుని తింటాడు.

వెనక వరసలోంచి ఒక చెయ్యి లేచింది. “వానాకాలం ఇప్పపూలు ఏడ రాలతయ్ సార్? అవి ఎండాకాలం కదా!” పక్కవాడు అందుకున్నాడు. “తెల్లారగట్ల రాలతయ్. ఎలుగు రాకముందే పోయి ఏరాలి.” మూడో గొంతు ఒక అమ్మాయిది. ఆమె తప్పు పట్టడంతో ఆగలేదు, కథనే సరిచేసింది. “వెదురు కొమ్ములు పెట్టండి సార్. వానలకి అవే మొలుస్తయ్.”

ఖమ్మం పట్నంలో పెరిగినవాణ్ణి, నా అడవి చదువు ఎంతో అలా బయటపడింది. అది పక్కన పెట్టండి. మనిషి డేగ అయితే ఆ గదిలో ఒక్కరూ నోరెత్తలేదు. పువ్వు అదను తప్పి రాలితే మాత్రం ఒప్పుకోలేదు. కథలో ఏది కథకుడి ఇష్టమో, ఏది లోకం తీరో పిల్లలకు తెలుసు. అద్భుత కథలు చదివితే పిల్లలు ఏది చెప్పినా నమ్మేస్తారని భయపడేది మనమే.

మూఢనమ్మకాలు పెరుగుతాయంటారా? 1947 జులైలో పుట్టిన ‘చందమామ’ను ఏళ్ల తరబడి దిద్దితీర్చిన కొడవటిగంటి కుటుంబరావు గారు హేతువాది. 1954లో ‘తోకచుక్క’తో మొదలుపెట్టి ‘రాకాసి లోయ’, ‘పాతాళ దుర్గం’, ‘శిథిలాలయం’ అంటూ సీరియల్ తర్వాత సీరియల్ రాసిన దాసరి సుబ్రహ్మణ్యం గారిదీ అదే దారి. ఆ సీరియళ్ల మీద ఆయన పేరైనా వేసేవారు కాదు. మంత్రాలకు చింతకాయలు రాలవని తెలిసిన ఇద్దరు పెద్దమనుషులు తెలుగు పిల్లల చేత మాంత్రికుల కథలు చదివించారు. మనకంటే వాళ్లకు పిల్లల సంగతి బాగా తెలుసు.

ఆ సీరియళ్లలో నాకు అన్నిటికంటే నచ్చేది చివరి మాట, ‘ఇంకా ఉంది’. వీరుడు కొండ అంచున వేలాడుతుంటాడు, కింద మొసళ్లు, అక్కడ ఆపేసేవారు. తర్వాతి సంచికకు నెల్లాళ్లు. ఆ నెల్లాళ్లూ బడి అరుగు మీద పిల్లలే కథ నడిపేవాళ్లు. ఒకడు తాడు వేస్తాడు, ఒకడు గద్దను పంపిస్తాడు, ఇంకొకడు మొసలితోనే స్నేహం చేయిస్తాడు. ముందుచూపు, ఓపిక, ఉపాయం అని మనం వ్యక్తిత్వ వికాసం తరగతుల్లో డబ్బు కట్టి నేర్పించేవన్నీ ఆ అరుగు మీద ఊరికే దొరికేవి. ఇప్పుడు ఫోన్లో ఒక ఎపిసోడ్ అయ్యీ కాకముందే రెండోది దానంతటదే మొదలవుతుంది. మధ్యలో ఆలోచనకు సందేదీ?

కాబట్టి ఇంట్లో ఆ సందు మనమే కల్పించాలి. రాత్రికి పిల్లలకు ఒక్క అధ్యాయం చదివి వినిపించండి. మంచి పట్టులో ఉండగా పుస్తకం మూసేయండి. గోల చేస్తారు, చెయ్యనివ్వండి. పొద్దున జడ వేస్తూ, “వాడెట్లా తప్పించుకుంటాడంటావ్?” అని అడగండి. తప్పో ఒప్పో మీరు తేల్చకండి, రాత్రికి పుస్తకమే తేలుస్తుంది. ఇంట్లో కోయ మాట్లాడే పిల్లలైతే ఆ జవాబు కోయలోనే చెప్పనివ్వండి. తెలుగు వాక్యం తడుముకునే లోపల ఉపాయం జారిపోతుంది.

అద్భుతం కోసం భద్రాచలం వైపు పిల్లలు దూరం పోనక్కర్లేదు. పర్ణశాలలో మాయలేడి తిరిగిందంటారు. దుమ్ముగూడెం అన్న పేరు చచ్చిన రాక్షసుల బూడిద వల్లే వచ్చిందంటారు. జటాయువు పోరాడిన చోటు ఏటపాక అంటారు.

సైన్స్ ఫిక్షన్ కావాలా? భద్రాచలం కరకట్ట మీదికి తీసుకెళ్లండి. గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చింది, 2022 జులైలో 71.3. ఇక ఒక్క అంకె మార్చమనండి. 2086లో 90 అడుగులు వస్తే? నీళ్లు ఏ వీధి దాకా వస్తాయి, పశువుల్ని ఎక్కడికి తోలాలి, కరెంటు లేకుండా కబురు ఎట్లా పంపాలి? షరతు ఒక్కటే. మార్చింది మార్చాక మిగతాదంతా ఉన్నది ఉన్నట్టే నడవాలి. ఈ షరతు మీద నాలుగు పేజీలు రాసిన పిల్లవాడికి లెక్కలూ భూగోళమూ వేరే ట్యూషన్ అక్కర్లేదని నా నమ్మకం. కాస్త ఎక్కువ చెబుతున్నానేమో గానీ మరీ ఎక్కువ కాదు.

కథను సరిచేసే అలవాటు ఎంత దూరం తీసుకెళ్తుందో చూడండి. రష్యాలో సియోల్కోవ్‌స్కీ అనే కుర్రవాడికి పదేళ్లప్పుడు జ్వరం వచ్చి చెవులు దాదాపు వినిపించకుండా పోయాయి. బడి మానేశాడు, పుస్తకాల మీద పడ్డాడు. వాటిలో జూల్ వెర్న్ కథలున్నాయి. 1865లో వచ్చిన నవలలో వెర్న్ ముగ్గురు మనుషుల్ని ఫిరంగి గుండులో కూర్చోబెట్టి చంద్రుడి వైపు పేలుస్తాడు. సియోల్కోవ్‌స్కీకి కథ నచ్చింది, ఫిరంగి నచ్చలేదు. ఆ అదురుకి లోపలివాళ్లు బతకరు. క్రమంగా వేగం పుంజుకునేదేదో కావాలి. ఆయన రాకెట్ లెక్కలు 1903లో అచ్చయ్యాయి. మా ఆశ్రమ పాఠశాల పిల్ల “వెదురు కొమ్ములు పెట్టండి సార్” అన్నది కూడా ఈ రకం మాటే.

ఖమ్మం, కొత్తగూడెం, భద్రాచలం వైపు బడులకు సాయం చేసే దాతలకు ఒక మనవి. నోటుపుస్తకాలు, పెన్నులు, స్టీలు ప్లేట్లు అందరూ ఇస్తున్నారు. ఈసారి ఒక మంచి జానపద సీరియల్ నవల, ఒక సైన్స్ కథల పుస్తకం ఇవ్వండి. ఒక్కోటి రెండేసి కాపీలు తీసుకోండి. మొదటి కాపీ పట్టుకెళ్లిన పిల్లవాడు తిరిగి తెచ్చివ్వడు.