పంపు కడగాల్సింది పెరట్లో కాదు

పత్తి పూత మీద ఉంది. మిరప నాట్లు పడుతున్నాయి. ఇక కొన్ని వారాలు ఏ చేలో విన్నా మందు పంపుల చప్పుడే. పొద్దుగూకి ఇల్లు చేరిన రైతు పెరట్లో కుళాయి కింద పంపు కడుగుతాడు. తెల్లటి నురుగు నీళ్లు జామచెట్టు మొదట్లోకి పారి ఇంకిపోతాయి. మర్నాడు ఇంటి పసివాడు అక్కడే కూర్చుని పుల్లతో మట్టి తవ్వి, ఆ చేతినే నోట్లో పెట్టుకుంటాడు. చేలో మూతికి గుడ్డ కట్టి, గాలివాటం చూసి మందు కొట్టిన జాగ్రత్తపరుడు కూడా ఇక్కడే ఏమరుపాటు పడుతున్నాడు.

పెరట్లో ఇంకిన మందంతా వానకు కొట్టుకుపోతుందనుకోవడం పొరపాటు. కేరళలోని కాసర్‌గోడ్ జిల్లాలో జీడిమామిడి తోటల మీద 1970ల చివరి నుంచి 2000 వరకు హెలికాప్టర్లతో ఎండోసల్ఫాన్ అనే పురుగుమందు చల్లారు. తోటల పక్క ఊళ్ల పిల్లల్లో పుట్టుకతో వచ్చిన అవకరాలు, మూర్ఛ, బుద్ధిమాంద్యం దేశాన్ని కలచివేశాయి. 2011లో సుప్రీంకోర్టు ఆ మందును నిషేధించింది. అది నేలలో విరిగి ఎండోసల్ఫాన్ సల్ఫేట్‌గా మారుతుంది. ఆ సల్ఫేటూ విషమే, పైగా అసలు మందు కంటే ఎక్కువకాలం నిలుస్తుంది.

అందుకే పంపు చేలోనే కడగాలి, అదీ బోరుకూ కాలువకూ దూరంగా. ఆ నీళ్లను పారబోయకుండా అదే పంట మీద కొట్టేయాలి. మందు డబ్బాను ఖాళీ కాగానే నీళ్లతో మూడుసార్లు కడిగి, ఆ నీళ్లు పంపులోనే పోసుకుంటే చుక్క కూడా వృథా కాదు. తర్వాత డబ్బాకు చిల్లులు పొడవాలి. కడిగినా సరే, అందులో నూనె, పప్పులు పోయకూడదు. 2013 జూలైలో బీహార్‌లోని గండామన్ బడిలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు కలిసిందని పరీక్షల్లో తేలింది.

ఇన్నాళ్లూ పంపు కడిగిన చోట ఆకుకూర మడి వేయొద్దు. కొత్త మట్టి పోసి, పిల్లలు అటు వెళ్లకుండా కంచె కట్టాలి. మందు కొట్టేటప్పుడు వేసుకున్న బట్టలు విడిగా ఉతకాలి. ఒళ్లు సబ్బుతో కడుక్కున్నాకే బిడ్డను ఎత్తుకోవాలి. ఎదురుచూస్తున్న బిడ్డ కాళ్లకు చుట్టుకుంటే ఆగడం కష్టమే, అయినా ఆగాలి.

లేబుల్ మీద ఎరుపు గుర్తు ఉంటే అన్నిటికన్నా ఘోర విషం. తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఆకుపచ్చ గుర్తు ఉన్నదైనా పిల్లలకు అందకుండా తాళం వేసి ఉంచాల్సిందే. బిడ్డ మందు మింగితే వాంతి చేయించడానికి నోట్లో వేళ్లు పెట్టకూడదు. వెంటనే 108కి ఫోన్ చేసి, లేబుల్‌తో సహా ఆ డబ్బాను ఆసుపత్రికి పట్టుకెళ్లాలి. ఏ మందో తెలిస్తే డాక్టరు దానికి తగిన వైద్యం త్వరగా మొదలుపెట్టగలుగుతారు.