వాయిదా నాటికి డాలరు చేతిలో ఉండాలి

నా ఉద్యోగమంతా బ్యాంకు ఫారెక్స్ విభాగంలోనే గడిచింది. గుంటూరు పొగాకు, మిర్చి, ఆ తర్వాత భీమవరం రొయ్య, వీటి ఎగుమతి బిల్లులన్నీ నా బల్ల మీదుగానే వెళ్లేవి. కొత్తగా ఎగుమతుల్లోకి దిగే కుర్రాళ్లు ఇప్పటికీ సలహాకు వస్తుంటారు. వాళ్లకు చెప్పేవే ఇక్కడ రాస్తున్నాను. ఎదుగుతున్న దేశాలు దెబ్బతిన్నదీ, ఎదుగుతున్న వ్యాపారులు దెబ్బతిన్నదీ చాలాసార్లు ఒకే చోట.

1. వృద్ధి రేటు కన్నా ముందు వాయిదా తేదీ చూడండి

1980ల్లో మన ఆర్థిక వ్యవస్థ అంతకు ముందు దశాబ్దాల కన్నా జోరుగానే పెరిగింది. అయినా 1991లో రిజర్వు బ్యాంకు దాదాపు 47 టన్నుల బంగారాన్ని తాకట్టు పెట్టి, బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్, బ్యాంక్ ఆఫ్ జపాన్‌ల దగ్గర సుమారు 40 కోట్ల డాలర్లు తేవాల్సి వచ్చింది. గల్ఫ్ యుద్ధంతో చమురు బిల్లు పెరిగింది. అక్కడి మనవాళ్లు పంపే డబ్బు తగ్గింది. ప్రవాసులు డిపాజిట్లు వెనక్కి తీసుకున్నారు. స్వల్పకాలిక అప్పులిచ్చినవాళ్లు నోటు తిరగరాయడం మానేశారు. మిగిలిన డాలర్లు రెండు మూడు వారాల దిగుమతులకు సరి. లెడ్జర్లో లాభం చూపిస్తూనే వాయిదా రోజున చేతులెత్తేసిన పార్టీలను నేను చాలామందిని చూశాను. దేశం కథా అంతే.

2. ఆదాయం ఏ కరెన్సీలో వస్తుందో అప్పూ అందులోనే తీసుకోండి

1990ల్లో థాయిలాండ్ కంపెనీలు వడ్డీ తక్కువని డాలర్లలో అప్పు తెచ్చి, బ్యాంకాక్‌లో ఆఫీసులు, అపార్ట్‌మెంట్లు కట్టాయి. వాటి మీద వచ్చే అద్దెలేమో బాత్‌లలో. డాలరుకు సుమారు 25 బాత్‌ల దగ్గర ప్రభుత్వం కాపు కాస్తున్నంత కాలం అంతా బాగానే కనిపించింది. 1997 జూలై 2న ఆ కాపు వదిలేసింది. 1998 జనవరికి డాలరు 50 బాత్‌లు దాటింది. కొత్తగా పైసా తేకుండానే అప్పు రెట్టింపయింది. ఎగుమతిదారుకు డాలర్లు వస్తాయి కనుక డాలర్లలో ప్యాకింగ్ క్రెడిట్ (సరుకు పంపక ముందు బ్యాంకు ఇచ్చే అప్పు) తీసుకోవచ్చు. సరుకంతా ఇక్కడే అమ్ముకునేవాడు మాత్రం వడ్డీ చూసి ఆ జోలికి పోకూడదు.

3. సరుకు ఎంత శుభ్రంగా ఉన్నా కాగితం తప్పితే డబ్బు ఆగుతుంది

కొన్నవాడి బ్యాంకు ఇచ్చే చెల్లింపు హామీ, అంటే ఎల్సీ (లెటర్ ఆఫ్ క్రెడిట్) ఉంది కదా అని ధీమా వద్దు. బ్యాంకులు చూసేది కాగితాలనే. కంటైనర్లో ఏముందో వాటికి అనవసరం. సరుకు పేరు ఎల్సీలో ఒక రకంగా, ఇన్‌వాయిస్‌లో ఇంకో రకంగా ఉంటే చాలు, బిల్లు ఆగిపోతుంది. ధర పడిపోతున్న రోజుల్లో కొన్నవాడు ఇలాంటి తేడా కోసమే వెతుకుతాడు. సరుకు ఎక్కించక ముందే ఎల్సీ మొత్తం చదవండి. మీరు నెరవేర్చలేని షరతు కనిపిస్తే అప్పుడే మార్పించుకోండి.

4. ఒక్క కొనుగోలుదారు మీద ఆధారపడకండి

మన వర్జీనియా పొగాకుకు ఒకప్పుడు సోవియట్ యూనియన్ పెద్ద గిరాకీ. రూపాయల్లోనే చెల్లింపు, డాలరు గొడవ లేదు. 1991లో ఆ దేశమే లేకుండా పోయింది. పాత లెక్కన సాగిన వ్యాపారమంతా తలకిందులైంది. రొయ్యకు అమెరికా అలాగే అయింది. 2025 ఆగస్టు 27న అక్కడ మన సరుకు మీద అదనపు సుంకం 50 శాతానికి చేరింది. అప్పటికే ఉన్న యాంటీ డంపింగ్ సుంకం దానికి తోడు. సుంకం కట్టేది అక్కడి దిగుమతిదారే అయినా, చెరువు గట్టు మీద కౌంట్ (కిలోకు ఎన్ని రొయ్యలన్న లెక్క) ధర తగ్గి రైతుకు తగిలింది. కొత్త మార్కెట్ ఒక్క సీజన్లో దొరకదు. యూరప్‌కు పంపాలంటే యాంటీబయాటిక్ పరీక్షల కోసం చెరువు దగ్గర నుంచే జాగ్రత్త పడాలి. అమెరికా ఆర్డర్లు బాగున్నప్పుడే ఆ పని మొదలుపెట్టండి.

5. కొన్నవాడి దేశం పరిస్థితీ కనిపెట్టండి

గుంటూరు మిర్చికి శ్రీలంక పాత బేరం. 2022 ఏప్రిల్‌లో ఆ దేశం విదేశీ అప్పుల చెల్లింపు ఆపేసింది. కొలంబో వ్యాపారి నిజాయితీపరుడే కావచ్చు, చేతిలో వాళ్ల రూపాయలూ ఉండవచ్చు. వాటిని డాలర్లుగా మార్చి పంపడానికి బ్యాంకు దగ్గర డాలర్లుండాలి కదా! ఇలాంటి గండాలకే 1957 నుంచి మనకు ప్రభుత్వ ఎగుమతి బీమా సంస్థ ఈసీజీసీ బీమా ఉంది. ప్రీమియం దండగ అనుకోకండి. దేశం పేరు పేపర్లకెక్కాక బీమా చేయిద్దామంటే కుదరకపోవచ్చు.

6. రూపాయి పడిందని పండగ చేసుకోవద్దు

2013 మే 22న అమెరికా ఫెడ్ అధిపతి బెర్నాంకీ బాండ్ల కొనుగోళ్లు తగ్గించవచ్చన్నారు. ఆ మాటతోనే ఎదుగుతున్న దేశాల నుంచి పెట్టుబడులు వెనక్కి మళ్లాయి. మన రూపాయి ఆగస్టు 28న డాలరుకు 68 దాటింది. 70 చూస్తామని బిల్లులు మార్చుకోకుండా కూర్చున్నవాళ్లున్నారు. అక్టోబరుకల్లా డాలరు 62 దరిదాపులకు వచ్చేసింది. పైగా రూపాయి పడితే డీజిలు, ఓడ అద్దె పెరుగుతాయి. కొనేవాడూ ధర తగ్గించమంటాడు. ఏ రేటుకు మీ లెక్క గిట్టుబాటవుతుందో ఆ రేటుకు ఫార్వర్డ్ కాంట్రాక్టు (రేటును ముందే ఖాయం చేసే ఒప్పందం) చేసుకుని, మీ పని మీరు చూసుకోండి.

7. నిల్వ పెట్టేది మంచి రోజుల్లోనే

1991 నాటి గండాన్ని ఆర్థిక శాఖ అధికారిగా దగ్గర నుంచి చూసిన మన యాగా వేణుగోపాల్‌రెడ్డి గారు 2003 నుంచి 2008 వరకు రిజర్వు బ్యాంకు గవర్నరు. విదేశీ డబ్బు వరదలా వస్తుంటే డాలర్లు కొని పక్కన పెట్టారు. రియల్ ఎస్టేట్ అప్పుల మీద బ్యాంకులకు నిబంధనలు బిగించారు. ఎదుగుదలకు అడ్డుపడుతున్నారని అప్పట్లో సణిగినవాళ్లు తక్కువేమీ కాదు. 2008 మే నాటికి నిల్వలు 30 వేల కోట్ల డాలర్లు దాటాయి. ఆ సెప్టెంబరులో అమెరికా బ్యాంకు లేమన్ బ్రదర్స్ కూలినప్పుడు మనం తట్టుకోవడానికి అదీ ఒక కారణం. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోమని పెద్దలన్నది ఇందుకే. మీరు కూడా లాభాలొచ్చిన ఏడాది రెండో ప్లాంటుకు శంకుస్థాపన చేసే ముందు, రాబోయే ఆరు నెలల వాయిదాలు ఒక కాగితం మీద రాసుకోండి. వాటికి సరిపడా డబ్బు పక్కన పెట్టాక మిగిలిందే కొత్త ప్లాంటుకు పెట్టుబడి.