నక్షత్రముల పట్టిక వ్రాసినవారు

పాఠభాగములు: ఆదికాండము 15:5, కీర్తన 147:4



దేవుడు అబ్రాహామును వెలుపలికి పిలిచి ఆకాశమును చూపి, ఆ చుక్కలను లెక్కపెట్టగలవేమో చూడుమనెను. ఆ లెక్కకు మనుష్యులు నిజముగానే పూనుకొనిరి. అందులో మన తెలుగుదేశమునకును పాలు కలదు.

1887లో శాస్త్రజ్ఞులు పారిస్ నగరమందు కూడి, ఆకాశమంతటిని ఫొటోలు తీసి నక్షత్రముల పట్టిక వ్రాయ నిశ్చయించిరి. పొలమును కయ్యలుగా పంచినట్లు ఆకాశమును పట్టీలుగా పంచి, 18 వేధశాలలకు అప్పగించిరి. చిలీ దేశపు సాంటియాగో వేధశాల తన వంతు చేయలేకపోగా, అది హైదరాబాదు నిజామియా వేధశాలకు వచ్చెను. ఈ వేధశాలను 1901లో నవాబు జఫర్ జంగ్ గారు స్థాపించిరి. 1908లో నిజాము ప్రభుత్వము దానిని చేపట్టెను. తరువాత బేగంపేటలో పని సాగెను.

పని విధమేమనగా, 8 అంగుళముల కటకముగల దుర్భిణికి మందు పూసిన గాజుపలకను అమర్చి ఫొటో తీయుదురు. పలకమీద సన్నని గళ్లుండును. సూక్ష్మదర్శినితో చూచి, ప్రతి చుక్క గడి అంచునకు ఎంత దూరమున్నదో కొలిచి వ్రాయుదురు. పోకాక్ గారు 1914 మొదలు ఈ పని నడిపించిరి. ఆయన 1918లో మరణించగా టి. పి. భాస్కరన్ గారు ఆ భారము వహించిరి. 1930లవరకు సుమారు 8 లక్షల నక్షత్రములు పట్టికకెక్కెను. వాటికన్ వేధశాలలో నలుగురు కన్యస్త్రీలు 1910 మొదలు 1921 వరకు కూర్చుండి 4,81,215 నక్షత్రములను కొలిచిరి.

హైదరాబాదువారి దక్షిణపు పట్టీని మనము రేణిగుంటనుండియే చూడవచ్చును. జూన్ నెలాఖరున మబ్బులేని రాత్రి పది గంటలకు దక్షిణముగా తలయెత్తి చూడుడి. వృశ్చికపు తలయందు మూడు చుక్కలు వరుసగా నుండును. పెద్దలు దానిని అనూరాధ యందురు. వాటిలో పై రెండును ఆ పట్టీలోనివే. అయితే వారు కొలిచినవాటిలో ఎక్కువ భాగము మన కంటికి ఆననివి.

పదిపదునైదేండ్లలో ముగియునని తలచిన ఈ పని, అన్ని దేశములలోను ముగియుటకు 1960లు వచ్చెను. అప్పటికి క్రొత్త సాధనములు పుట్టెను. ఇంత ప్రయాస వ్యర్థమాయెనని పలువురనిరి.

అయితే నక్షత్రములు నిలిచియుండవు. మిక్కిలి మెల్లగా కదలుచున్నవి. రాత్రివేళ గూడూరు దారిన దూరముగా రైలు దీపము కనబడినప్పుడు, ఒక్కమారు చూచిన బండి నిలిచినదో వచ్చుచున్నదో తెలియదు. కొంతసేపటికి మరల చూడవలెను. నక్షత్రముల విషయములో ఆ కొంతసేపు అనగా నూరేండ్లు. 1989లో ఐరోపావారు పంపిన హిప్పార్కస్ ఉపగ్రహము చుక్కల స్థానములను క్రొత్తగా కొలిచెను. వాటిని పాత పట్టికలతో సరిపోల్చి, 25 లక్షల నక్షత్రముల కదలికలను 2000లో ప్రకటించిరి. మొదటి చూపు బేగంపేటవంటి చోట్ల చూచినవారిది. దాని ఫలమును వారు బ్రదికియుండి చూడలేదు.

2013లో వెళ్లిన గయా ఉపగ్రహము 2025 జనవరివరకు దాదాపు 200 కోట్ల నక్షత్రములను కొలిచెను. మన పాలపుంతలోనే పదివేల కోట్లకు తక్కువ లేవని శాస్త్రజ్ఞుల అంచనా. అనగా నూటికి రెండైనను దాటలేదు. అన్నిటి సంఖ్యను పేళ్లను ఎరిగినవాడు ఒక్కడేయని కీర్తనకారుడు పాడెను. ఆ మాట మనలను లెక్క మానుకొనుమనుటలేదు, లెక్కించుచు అతిశయింపవద్దనుచున్నది.

మన సంఘములలో బాప్తిస్మపు రిజిష్టరు, వివాహపు రిజిష్టరు, సండేస్కూలు హాజరుపట్టీ ఉన్నవి. తేదీ తప్పక, పేరు చెరగక వ్రాయువానికి మెప్పు రాదు. నలువది యేండ్ల తరువాత ఎవరో కూలివాని కుమారుడు తన పుట్టిన తేదీ కొరకు ఆ పుట తెరచును. వాని బ్రతుకుతెరువు ఆ ఒక్క వరుసమీద ఆధారపడవచ్చును. కావున వ్రాయునది సరిగా వ్రాయుదము.

కూటములలో ఆలోచించుటకు:
1. ఫలము తాను చూడకపోయినను నమ్మకముగా పనిచేసినవారు మన గ్రామములో ఎవరు?
2. మన సంఘపు రిజిష్టర్లు ఇప్పుడు ఎక్కడ, ఏ స్థితిలో ఉన్నవి?