మర్మస్థానంలో దురద: శిలీంధ్ర నాశక లేపనం వాడవలసిన విధానం

స్త్రీలు వైద్యుల ఎదుట కూర్చుని కూడా నోరు విప్పి చెప్పుకోలేని బాధలలో మర్మస్థానపు దురద ఒకటి. నడుము నొప్పి అనో, నీరసం అనో మొదలుపెడతారు. మందు చీటీ తీసుకుని లేచి, గుమ్మం దగ్గర ఆగి "ఇంకొకటి కూడా ఉందండీ" అంటారు. అసలు వచ్చింది ఆ పని మీదనే. ఇంట్లో చెప్పుకోలేక, మందుల దుకాణంలో నలుగురి మధ్య అడగలేక, ఎవరో వాడి వదిలేసిన ట్యూబు తెచ్చి రాసుకునేవారు ఎందరో ఉన్నారు. ఆయుర్వేద వైద్యురాలినైన నేను ఇంగ్లీషు మందు గురించి పాఠం చెప్పడమేమిటని పాఠకులకు అనిపించవచ్చు. కారణం ముందుగా మనవి చేస్తాను.

1994లో, నేను వృత్తిలో ప్రవేశించిన కొత్తలో, నలభై ఏళ్లు దాటిన ఒక ఉపాధ్యాయురాలు తెల్లబట్ట, దురదలతో నా వద్దకు వచ్చారు. చరక సంహిత చికిత్సా స్థానం 30వ అధ్యాయంలో యోనివ్యాపత్తులు 20 విధాలుగా వర్ణింపబడ్డాయి. వాటిలో కఫ దోషం వలన కలిగే వ్యాధికి జిగట, దురద, స్వల్పమైన నొప్పి లక్షణాలు. ఆమె బాధ దానితో సరిపోయింది. త్రిఫల కషాయంతో కడుక్కోమని చెప్పి, లోపలికి మందులిచ్చి, పథ్యం వివరించి పంపాను. వారం రోజులు తగ్గేది, మళ్లీ తిరగబెట్టేది. ఇలా మూడు నెలలు గడిచాయి. ఒకనాడు ఆమె మాటల సందర్భంలో, స్నానాల గదిలో ఎంత కడిగినా చీమలు పడుతున్నాయని విసుక్కున్నారు. మూత్రానికి చీమలు చేరడం ప్రమేహ లక్షణమని నేను విద్యార్థినిగా చదివినదే. అయినా అడగవలసిన ప్రశ్న అడగలేదు. పరీక్ష చేయిస్తే పరగడుపున రక్తంలో చక్కెర 230 ఉన్నది. చక్కెర అదుపులోకి వచ్చి, ఏడు రాత్రులు క్లోట్రిమజోల్ లేపనం వాడిన తరువాత ఆమె తేరుకున్నారు. ఆ మూడు నెలల బాధకు బాధ్యురాలిని నేనే.

ఇక వ్యాధి సంగతికి వద్దాం. దీనికి కారకం క్యాండిడా అనే శిలీంధ్రం. ఇది రొట్టెల పిండిని పులియబెట్టే ఈస్ట్ వంటి సూక్ష్మజీవి. ఆరోగ్యవంతులలో కూడా కొద్దిగా ఉంటూనే ఉంటుంది. యోనిలో సహజంగా ఉండే మేలైన సూక్ష్మజీవులు దానిని హద్దులో ఉంచుతాయి. యాంటీబయాటిక్ మందులు వాడినపుడు, గర్భం ధరించినపుడు, మధుమేహం అదుపు తప్పినపుడు, రోగనిరోధక శక్తి తగ్గినపుడు ఈ కట్టు తప్పుతుంది. నలుగురు స్త్రీలలో సుమారు ముగ్గురికి జీవితంలో ఒక్కసారైనా వచ్చే వ్యాధి ఇది. సిగ్గుపడవలసినదీ, శీలాన్ని శంకించవలసినదీ ఇందులో ఏమీ లేదు.

తోడుకున్న పెరుగు ముక్కల వంటి తెల్లని స్రావం, విపరీతమైన దురద, ఎరుపు, వాపు, మూత్రం తగిలినపుడు మంట దీని గుర్తులు. దుర్వాసన సాధారణంగా ఉండదు. చేపల నీచు వాసనతో పలుచని స్రావం ఉన్నా, నురుగుతో పసుపుపచ్చగా, ఆకుపచ్చగా ఉన్నా అవి వేరే వ్యాధులు. వాటికి ఈ లేపనం పనిచేయదు. అందుచేత మొదటిసారి వచ్చినపుడు వైద్యురాలికి చూపించుకోకుండా ట్యూబు కొనవద్దు. పొత్తికడుపు నొప్పి, జ్వరం, రక్తం, పుండ్లు కనిపిస్తే అసలే ఆలస్యం చేయరాదు.

వ్యాధి నిర్ధారణ అయిన పిమ్మట క్లోట్రిమజోల్ మంచి మందు. 1 శాతం లేపనమైతే వరుసగా ఏడు రాత్రులు, 2 శాతం లేపనమైతే మూడు రాత్రులు లోపలికి వాడాలి. చేతులు శుభ్రంగా కడుక్కుని, పడుకునే ముందు వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి, ట్యూబుతో పాటు ఇచ్చే గొట్టాన్ని మెల్లగా లోనికి పంపి మందును వదలాలి. మందు కారి వస్తుంది కనుక పగటిపూట కంటే రాత్రి అనుకూలం. నెలసరికి ముందే కోర్సు పూర్తయ్యేలా మొదలుపెట్టుకోవడం మేలు. వెలుపలి దురదకు అదే లేపనం పలుచగా రాసుకోవచ్చు. రెండు మూడు రోజులలో దురద తగ్గగానే చాలామంది మానేస్తారు. నా అనుభవంలో నెల తిరగకుండా మళ్లీ వచ్చేవారిలో వీరే ఎక్కువ. గర్భవతులు వైద్యురాలి సలహాపై ఏడు రోజుల లేపన చికిత్సనే తీసుకోవాలి. ఫ్లుకోనజోల్ మాత్ర వారికి తగదు. ఈ లేపనాలు రబ్బరు నిరోధ్‌ను బలహీనపరుస్తాయన్నది కూడా గమనించగలరు.

అన్నిటికంటె నాకు ఆందోళన కలిగించేది తప్పు ట్యూబు. దురద అనగానే దుకాణదారుడు చేతికిచ్చేది చాలాసార్లు స్టిరాయిడ్ కలిసిన మిశ్రమ లేపనం. పేరు చివర "సోల్" అని ఉండవచ్చు, కానీ వెనుక చిన్న అక్షరాలలో క్లోబెటసాల్, బీటామెథసోన్ వంటి పేర్లు కనిపిస్తాయి. రాసిన గంటకే ఉపశమనం కలుగుతుంది, అందుకే జనానికి నచ్చుతుంది. అయితే శిలీంధ్రం లోలోపల పెరుగుతుంది, అతి సున్నితమైన ఆ చర్మం పలుచబడుతుంది. 2018లో ఇటువంటి పైపూత స్టిరాయిడ్లలో పలింటిని వైద్యుని చీటీ లేకుండా అమ్మరాదని ప్రభుత్వం నిబంధన చేసింది. కొనేముందు కళ్లద్దాలు పెట్టుకుని మరీ చదవండి.

మరి ఇంటి వైద్యం? త్రిఫల కషాయం వడగట్టి, చల్లార్చి వెలుపల మాత్రమే కడుక్కుంటే కొంత హాయిగా ఉంటుంది. శిలీంధ్రాన్ని అది నిర్మూలించదు. పెరుగు, వెల్లుల్లి, వేపనూనె యోని లోపల పెట్టవద్దు. లోపల పిచికారీలతో కడగడం వలన మేలైన సూక్ష్మజీవులు కూడా పోతాయి. ఘాటైన సబ్బు, డెట్టాల్ నీళ్లు మంటను పెంచుతాయి. వదులైన నూలు లోదుస్తులు ధరించి, స్నానానంతరం తడి లేకుండా తుడుచుకోవడం ఏ మందుకూ తీసిపోదు.

సంవత్సరంలో మూడుసార్లు గాని, అంతకు మించి గాని వస్తే మరో ట్యూబు కొనడం కాదు, స్రావ పరీక్ష, రక్తంలో చక్కెర పరీక్ష చేయించాలి. క్యాండిడా గ్లాబ్రాటా వంటి జాతులు మామూలు లేపనానికి సులభంగా లొంగవు. మధుమేహానికి డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ మందులు వాడేవారిలో చక్కెర మూత్రంలోకి పోతుంది కనుక ఈ వ్యాధి ఎక్కువగా వస్తుంది. అలాగని ఆ మాత్రలు సొంతంగా మానరాదు, రాసిన వైద్యునికి తెలియజేయాలి.

పురుషులకూ ఇది వస్తుంది. శిశ్నం కొనవద్ద ఎరుపు, దురద, ముందోలు కింద తెల్లని పదార్థం కనిపిస్తే అదే లేపనాన్ని రోజుకు రెండు మూడుసార్లు, వైద్యుడు చెప్పినన్ని రోజులు రాయాలి. ముందోలు బిగుసుకుని వెనక్కి రాకపోతే మధుమేహం ఉన్నదేమో చూడాలి. భార్యకు వ్యాధి ఉన్నంత మాత్రాన ఏ లక్షణాలూ లేని భర్తకు మందు అవసరం లేదు. అయితే ఆమె బదులు మందుల దుకాణానికి వెళ్లి, ట్యూబు వెనుక అక్షరాలు చదివి తెచ్చిపెట్టడం ఆయన చేయగలిగిన పనే.