పలకల నేలలో విద్యుత్ సాకెట్టు

సాయంకాలమున దీపము వెలిగించి పిల్లలను చదువునకు కూర్చుండబెట్టుట మన ఇండ్లలో నిత్యకృత్యము. మన పాత మేడలలో కొన్నింట పై అంతస్తు నేల దూలములపై పరచిన కర్రపలకలతో కట్టబడినది. అట్టి గదిలో గోడ దూరమైనచో బల్లదీపమునకై తీగను గది నడుమకు లాగి, కాలికి తగులకుండ దానిపై చాప కప్పుట పలువురకు అలవాటు. ఇది ప్రమాదకరము. చాపక్రింది తీగ నిత్యము త్రొక్కుడుపడి నలుగును, దాని వేడి బయటకు పోదు, నలిగిన చోటు కంటబడదు, క్రిందనున్నదో, కర్ర. ఇంతకన్న నేలలోనే సాకెట్టు అమర్చుకొనుట మేలు. అది ఎట్లుండవలెనో తెలిసికొందము.

మొదట చోటు నిర్ణయింపవలెను. గోడపై అమర్చుటకు వీలున్నంతవరకు నేల జోలికి పోరాదు. తప్పనిసరియైనచో నడకదారికి, నీళ్ల బిందెలుంచు తావునకు దూరముగా అమర్చవలెను.

తీగలను గొట్టములో నుంచి పలకల క్రిందుగా తీసికొనిపోవలెను. దూలమును దాటవలసివచ్చినచో దాని పైయంచున గాడి కొట్టుట తగదు. దూలము బరువు మోయునపుడు పైభాగము నొక్కుకొనును, అడుగుభాగము సాగును. ఎత్తులో సరిగా నడుమ ఈ ఒత్తిడి మిక్కిలి స్వల్పము. కావున రంధ్రము అచ్చటనే తొలువవలెను. 200 మిల్లీమీటర్ల ఎత్తుగల దూలమునకు పైనుండి 100 మిల్లీమీటర్ల లోతున తొలిచినచో దూలము బలము తగ్గదు. పలకలకు కొట్టు మేకులును తీగను చేరజాలవు.

గోడ సాకెట్టును నేలలో బిగింపరాదు. నేలకొరకే చేసిన లోహపు పెట్టె, బిగువైన మూత ఉండవలెను. నేల తుడుచునపుడు నీరు, ఊడ్చునపుడు దుమ్ము లోనికి పోకుండుటకు ఆ మూతయే రక్ష. పసిబిడ్డలున్న ఇంట రంధ్రములను మూయు లోపలి తెరలుగల సాకెట్టునే కొనవలెను.

లోహపు పెట్టెకు ఎర్తు తీగ తప్పక కలుపవలెను. మూడు కాళ్ల ప్లగ్గులో ఎర్తు కాలు తక్కినవానికన్న పొడవుగా నుండుటకు కారణము కలదు: అది అన్నిటికన్న ముందు తగులును, అన్నిటికన్న వెనుక విడివడును. ఆ కాలును విరిచి వాడుట ప్రాణముతో చెలగాటము.

ఫ్యూజు తీగను కాపాడును గాని మనిషిని కాపాడదు. 6 ఆంపియర్ల ఫ్యూజు కరుగుటకు చాలని ప్రవాహము మనిషిని చంపగలదు. అందుచేత 30 మిల్లీ ఆంపియర్లు నేలకు కారినంతనే విద్యుత్తును ఆపివేయు ఆర్.సి.సి.బి. అను సాధనమును అమర్చవలెను. దానిపైనున్న పరీక్షా మీటను నెలకొకసారి నొక్కి, అది పనిచేయుచున్నదో లేదో చూడవలెను.

ఇక బరువు సంగతి. మన ఇండ్లకు వచ్చు విద్యుత్తు 230 వోల్టులు. దానిని 6 ఆంపియర్లతో గుణించినచో 1380 వాట్లు వచ్చును. చిన్న సాకెట్టునకు అదియే హద్దు. దీపము, పంకా దానికి బరువు కావు. 1500 వాట్ల నీళ్ల హీటరు ఆ హద్దును దాటును. దానికి 16 ఆంపియర్ల సాకెట్టు, తగిన లావు తీగ గోడపైనే వేరుగా ఉండవలెను.

ఈ పనిని లైసెన్సుగల ఎలక్ట్రీషియనుచేతనే చేయింపవలెను. మెయిన్ స్విచ్చి కట్టివేసి, విద్యుత్తు లేదని పరీక్షించిన పిమ్మటనే పలక ఎత్తవలెను. పని అతనిదే అయినను, పలకలు తిరిగి మూయకముందు గొట్టమెట్లు పోయినది, ఎర్తు ఎచ్చట కలిసినది అడిగి చూచుట గృహస్థుని విధి. మూసిన పిదప లోపమును చూపునది ప్రమాదమొక్కటే. పిల్లలను దగ్గర నిలుపుకొని వారికిని చూపుడు. ఆ నేలపై కూర్చుండి చదువుకొనువారు వారే గదా!