గురి తప్పింది చెయ్యా, మనసా?

మీ పాఠశాల మైదానంలో బాస్కెట్‌బాల్ స్తంభాలు ఉంటే ఒకసారి దగ్గరికి వెళ్ళి చూడండి. బోర్డుకు ఎదురుగా 15 అడుగుల దూరాన నేలమీద ఒక గీత ఉంటుంది. అది ఫ్రీత్రో గీత. ఎదుటి జట్టువాడు మిమ్మల్ని నియమాలకు విరుద్ధంగా తోసినా, చెయ్యి పట్టి ఆపినా, ఆ గీత వెనక నిలబడి బంతిని రింగులో వేసే అవకాశం మీకు ఇస్తారు. పడిన ప్రతి బంతికీ ఒక పాయింటు. రింగు ఎత్తు 10 అడుగులు, వ్యాసం 18 అంగుళాలు. బంతి వ్యాసం సుమారు తొమ్మిదిన్నర అంగుళాలు. అంటే రింగు వెడల్పు బంతికి దాదాపు రెండింతలన్నమాట. పైగా మీకు ఎవరూ అడ్డు రాకూడదు. ఎప్పుడు వేసినా అదే దూరం, అదే ఎత్తు, అదే బంతి.

ప్రయోగశాలలో మనం చేసేదీ ఇదే కదా! మిగిలినవన్నీ మారకుండా ఉంచి ఒక్కదాన్ని మాత్రం మారుస్తాం. ఫ్రీత్రోలో మారేది వేసేవాడి అలసట, వేసేవాడి మనసు. అంతకు మించి ఏమీ లేదు. ఆటలో ఆత్మవిశ్వాసానికి ఎంత బలముందో తెలుసుకోవాలంటే ఇంతకన్నా మంచి చోటు దొరకదు.

ఇప్పుడు అమెరికాకు వెళదాం. అక్కడ ఎన్.బి.ఎ. అనే సంఘంలో 30 వృత్తి జట్లున్నాయి. ఒక్కొక్క జట్టు ఏడాదికి 82 ఆటలు ఆడుతుంది. వాటి తరువాత 16 జట్లు మాత్రం మిగులుతాయి. వాటి మధ్య జరిగే పోటీలనే ప్లేఆఫ్‌లు అంటారు. అందులో ఒక్క ఆటతో తేలిపోదు. అదే ప్రత్యర్థితో మళ్ళీ మళ్ళీ ఆడాలి. ఏడింటిలో నాలుగు ముందుగా గెలిచినవారు పై మెట్టుకు పోతారు.

1995 జూన్ 7న ఓర్లాండో నగరంలో అంతిమ పోటీలో మొదటి ఆట జరుగుతోంది. ఓర్లాండో మ్యాజిక్ జట్టు హ్యూస్టన్ రాకెట్స్ కన్నా 3 పాయింట్లు ముందుంది. ఇంకా పదిన్నర సెకన్లే ఉన్నాయి. ఓర్లాండో ఆటగాడు నిక్ ఆండర్సన్ ఫ్రీత్రో గీత దగ్గర నిలబడ్డాడు. రెండింటిలో ఒక్కటి పడినా ఆట దాదాపు ముగిసినట్లే. రెండూ తప్పాయి. కాని ఎగిరివచ్చిన బంతిని అతడే అందుకున్నాడు. మళ్ళీ ఫౌలు జరిగింది. మళ్ళీ రెండు అవకాశాలు. అవీ తప్పాయి! వెంటనే హ్యూస్టన్ ఆటగాడు కెన్నీ స్మిత్ దూరం నుంచి వేసిన బంతి పడి మూడు పాయింట్లు వచ్చాయి, స్కోరు సమమయింది. అదనపు సమయంలో హ్యూస్టన్ 120-118తో గెలిచింది. మిగిలిన మూడు ఆటలూ వరసగా గెలిచి కప్పు పట్టుకుపోయింది.

ఆండర్సన్ పిరికివాడనుకోకండి. అంతకు కొద్ది వారాల ముందే, చికాగోతో జరిగిన ఆట చివరి క్షణాల్లో, సాక్షాత్తూ మైకేల్ జోర్డాన్ చేతిలోని బంతిని వెనకనుంచి తట్టి లాగినవాడు అతడు. మరి ఆ రాత్రి ఏమయింది?

తొందరపడి జవాబు చెప్పకండి. ముందు లెక్క చేద్దాం. ఆ ఏడాది అతడు నూటికి 70 ఫ్రీత్రోలు వేస్తున్నాడు. అంటే ఒకటి తప్పే సంభావ్యత 0.3. నాలుగూ వరసగా తప్పాలంటే 0.3ను నాలుగుసార్లు గుణించాలి. 0.0081 వస్తుంది, అంటే సుమారు 123లో ఒకటి. ఇది అరుదే, కాని అద్భుతం కాదు. వందలమంది ఆటగాళ్ళు ఏళ్ళ తరబడి వేలకొద్దీ ఫ్రీత్రోలు వేస్తుంటే ఇలాంటిది ఎక్కడో ఒకచోట జరిగి తీరుతుంది. అతడి దురదృష్టం, అది అంతిమ పోటీ చివరి పది సెకన్లలో జరిగింది. కనుక ఆ రాత్రిని మాత్రం చూసి అతడికి ధైర్యం చాలలేదని తీర్పు చెప్పడం శాస్త్రం ఒప్పుకోదు.

అసలు సాక్ష్యం ఆ తరువాత వచ్చింది. మరుసటి ఏడు అతడి సగటు సుమారు 69. పెద్ద తేడా లేదు. ఆ పై ఏడు, 1996-97లో, అది 40కి పడిపోయింది! నూటికి 70 వేసేవాడు వంద ఫ్రీత్రోలు వేస్తే, కేవలం అదృష్టం అటూ ఇటూ ఊగడం వల్ల 61కి, 79కి మధ్య ఎక్కడైనా రావచ్చు. కాని 40 రావడమన్నది అదృష్టం చేసే పని కాదు. చెయ్యి అదే, గీత అదే. ఆ నాలుగు ఫ్రీత్రోలు తన మనసులోంచి పోలేదని ఆండర్సనే తరువాతి కాలంలో చెప్పుకున్నాడు. ఒక మనిషిని ఒక్క క్షణంతో కొలిచి, దాన్నే పదేపదే గుర్తుచేసే ప్రేక్షకులకు ఇందులో వాటా లేదని నేననుకోను.

మనసు చేతిని ఎలా చెడగొడుతుంది? మీకు సైకిలు తొక్కడం వస్తే ఒక పని చేసి చూడండి. ఎవరూ లేని మైదానంలో మెల్లగా తొక్కుతూ ఏ కాలు ఎప్పుడు కిందికి పోతోంది, హాండిలు ఎంత తిరుగుతోంది అని ప్రతి కదలికనూ గమనించండి. బాగా వచ్చిన సైకిలే తడబడుతుంది. కొత్తగా నేర్చుకునేటప్పుడు ప్రతి కదలికనూ మెదడు పట్టి చూస్తుంది. వేలసార్లు చేశాక ఆ పని దానంతటది జరిగిపోతుంది. తప్పుతుందేమోనన్న భయం వచ్చినపుడు మెదడు మళ్ళీ కొత్తవాడిలా అడుగడుగునా కాపలా కాయడం మొదలుపెడుతుంది. మణికట్టు ఇలా తిప్పాలా, మోకాలు ఎంత వంచాలి అని ఆలోచన. అంతే, సాఫీగా సాగే కదలిక ముక్కలవుతుంది.

ఆల్బర్ట్ బందూరా అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 1977లో ఈ విషయమై ఒక ముఖ్యమైన సిద్ధాంతం ప్రతిపాదించాడు. ‘ఈ పని నేను చెయ్యగలను’ అన్న నమ్మకం నాలుగు చోట్లనుంచి వస్తుందన్నాడు. తాను లోగడ చేసి చూపినది, తనవంటివారు చెయ్యగా చూసినది, నమ్మదగినవారు చెప్పిన మాట, తన ఒంటి స్థితి, అంటే గుండెదడ, వణుకు వంటివి. వీటిలో మొదటిదే అన్నిటికన్నా బలమైనది. ఒట్టి పొగడ్తలతో విశ్వాసం ఎందుకు నిలవదో దీన్నిబట్టి మీకు తెలుస్తుంది.

ఇక దీనికి తిరగబడిన ప్రశ్న ఉంది. వరసగా మూడు బంతులు పడితే ‘ఇవాళ వాడి చెయ్యి మంచి ఊపులో ఉంది, బంతి వాడికే ఇవ్వండి’ అంటారు. నాలుగోది పడే అవకాశం నిజంగా పెరుగుతుందా? 1985లో థామస్ గిలోవిచ్, రాబర్ట్ వలోన్, ఎమోస్ ట్వర్స్కీ అనే ముగ్గురు పరిశోధకులు ఫిలడెల్ఫియా జట్టు లెక్కలు తీసి చూశారు. బంతి పడిన తరువాత వేసినదానికి, తప్పిన తరువాత వేసినదానికి చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. ‘ఊపు’ అన్నది చూసేవాళ్ళ భ్రమ అని తేల్చారు. కోచ్‌లు, ఆటగాళ్ళు ఒప్పుకోలేదు. ముప్పై ఏళ్ళకు పైగా శాస్త్రజ్ఞుల మాటే నెగ్గింది.

2018లో జాషువా మిల్లర్, ఆడమ్ సంజుర్హో అనే ఇద్దరు ఆ లెక్కలోనే ఒక మెలిక ఉందని చూపించారు. దానికి పెద్ద గణితం అక్కర్లేదు, ఒక రూపాయి నాణెం చాలు. నాణేన్ని మూడుసార్లు ఎగరవేస్తే ఎనిమిది రకాల వరసలు రావచ్చు. ప్రతి వరసలోను ‘బొమ్మ పడిన వెంటనే మళ్ళీ బొమ్మ ఎంత శాతం పడింది?’ అని చూడండి. బొమ్మ-బొమ్మ-బొమ్మలో నూటికి నూరు. బొమ్మ-బొమ్మ-బొరుసులో 50. బొమ్మ-బొరుసు-బొమ్మలో సున్న. బొమ్మ-బొరుసు-బొరుసులో సున్న. బొరుసు-బొమ్మ-బొమ్మలో నూరు. బొరుసు-బొమ్మ-బొరుసులో సున్న. మిగిలిన రెండు వరసల్లో బొమ్మ తరువాత ఎగరవేసిందే లేదు గనక వదిలేద్దాం. ఇప్పుడు ఆరింటి సగటు కట్టండి. 250ని 6తో భాగిస్తే 50 రాదు, సుమారు 42 వస్తుంది!

నాణేనికి జ్ఞాపకం లేదు. అయినా చిన్న చిన్న వరసలు విడివిడిగా తీసి సగటు కడితే, బొమ్మ తరువాత బొమ్మ తక్కువగా పడినట్లు కనిపిస్తుంది. ఆటగాడి లెక్కా అంతే. ఊపు లేనివాడికి ఈ పద్ధతిలో ‘పడిన తరువాత’ సగటు తగ్గినట్లు కనబడాలి. 1985 పరిశోధనలో తగ్గలేదు, సమానంగా వచ్చింది. అంటే కొంత ఊపు ఉన్నట్లే! అది జనం అనుకునేంత పెద్దది కాదు, కాని సున్న కూడా కాదు. మూడు దశాబ్దాలపాటు అందరూ నమ్మిన ఫలితం ఒక నాణెం లెక్కతో మారిపోవడం నాకు ఈ కథ మొత్తంలో బాగా నచ్చిన భాగం.

ఇక కోచ్ విషయానికి వద్దాం. అతడు పక్కన నిలబడి అరిచే మనిషి మాత్రమే కాదు, లెక్కలు వేసే మనిషి. సాధారణంగా బంతి ఒకసారి చేతికి వస్తే ఎన్.బి.ఎ. జట్టు సగటున ఒక పాయింటుకు కాస్త పైన సాధిస్తుంది. నూటికి 40 ఫ్రీత్రోలు వేసేవాడికి రెండు ఇస్తే సగటున 0.8 పాయింట్లే వస్తాయి. కనుక గురి లేనివాడిని కావాలనే ఫౌలు చేసి గీత దగ్గరికి పంపడం లాభమే! 2015లో హ్యూస్టన్ కోచ్ కెవిన్ మెక్‌హేల్ లాస్ ఏంజెలెస్ క్లిప్పర్స్ జట్టులోని డీఆండ్రే జోర్డాన్ మీద ఈ ఉపాయమే ప్రయోగించాడు. జోర్డాన్ ఒక్క ఆటలో 34 ఫ్రీత్రోలు వేయవలసి వచ్చింది. పడినవి 14. లెక్క తప్పలేదు. కాని ఆట క్లిప్పర్స్‌దే, 128-95! అస్తమానం ఆగి ఆగి సాగే ఆటలో సొంత జట్టు నడక ఎంత చెడుతుందో 0.8 అన్న అంకె చెప్పదు కదా. అదే పోటీ ఆరో ఆటలో హ్యూస్టన్ 19 పాయింట్లు వెనకబడింది. మెక్‌హేల్ తన మేటి ఆటగాడు జేమ్స్ హార్డెన్‌ను ఆఖరి భాగమంతా బెంచీ మీదే ఉంచి, ఊపందుకున్న మిగతావారినే ఆడించాడు. ఆ ఆట గెలిచారు, ఏడోదీ గెలిచారు.

ఆ ఏడాదే గోల్డెన్ స్టేట్ వారియర్స్ జట్టుకు స్టీవ్ కెర్ కొత్తగా కోచ్‌గా వచ్చాడు. ఆ జట్టులో ఆండ్రే ఇగ్వడాలా అనే అనుభవజ్ఞుడున్నాడు. అంతవరకు తాను ఆడిన 758 ఆటల్లోనూ మొదటి అయిదుగురిలో ఉన్నవాడే. కెర్ అతడిని బెంచీ మీద కూర్చోమన్నాడు. కారణమేమంటే, హారిసన్ బార్న్స్ అనే కుర్రవాడు అంతకుముందు ఏడాది బెంచీ మీదినుంచి దిగుతూ దెబ్బతిన్నాడు. నూటికి 40 బంతులే వేయగలిగాడు. మొదటి అయిదుగురిలో ఆడించాక అది 48కి పెరిగింది. ఇదంతా విశ్వాసం వల్లనే అనలేం. కోచ్ మారాడు, ఆడే పద్ధతీ మారింది. కాని ఒకరికి చోటు ఇవ్వాలంటే ఇంకొకరి చోటు తీసుకోవాలి. ఇగ్వడాలా ఒప్పుకోకపోతే ఈ ఏర్పాటు నిలిచేది కాదు.

అంతిమ పోటీలో క్లీవ్‌లాండ్ 2-1తో ముందుంది. జట్లు రెండూ సమానమనుకుంటే, మిగిలిన నాలుగింటిలో మూడు గెలిచే అవకాశం పదహారింట అయిదు, అంటే నూటికి 31. ఏదైనా మార్పుతో ఒక్కొక్క ఆట గెలిచే అవకాశం 50 నుంచి 60కి పెరిగితే, మొత్తం పోటీ గెలిచే అవకాశం 47 దాటుతుంది. చేసి చూడండి. చిన్న మార్పు పోటీ పొడవునా ఎలా పెరుగుతుందో గమనించారా?

ఆ మార్పును సూచించినవాడు నిక్ యురెన్ అనే 28 ఏళ్ళ సహాయకుడు. పాత ఆటల చిత్రాలు చూస్తుంటే, ముందు ఏడాది శాన్ ఆంటోనియో జట్టు ఇలాంటి పనే చేయడం అతడికి కనబడింది. ఏడడుగుల ఆండ్రూ బోగట్‌ను తీసేసి ఆరడుగుల ఆరంగుళాల ఇగ్వడాలాను మొదటినుంచీ ఆడించాలని అతడి సలహా. ఎత్తు పోతుంది, వేగం వస్తుంది. కెర్ సరేనన్నాడు. ఆట మొదలుకాగానే క్లీవ్‌లాండ్ 7-0తో ముందుకు పోయింది! అక్కడే వెనక్కు తగ్గితే ఆటగాళ్ళు ఆ ఏర్పాటును మళ్ళీ నమ్మేవారా? కెర్ మార్చలేదు. ఎత్తు తగ్గించుకున్నందుకు మూల్యం చెల్లించాల్సే వచ్చింది. క్లీవ్‌లాండ్‌లోని పొడగరి మొజ్‌గోవ్ 28 పాయింట్లు చేశాడు. అయినా గోల్డెన్ స్టేట్ 103-82తో గెలిచింది. తరువాతి ఆటలో క్లీవ్‌లాండ్ కోచ్ డేవిడ్ బ్లాట్ ఆ మొజ్‌గోవ్‌నే చాలాసేపు కూర్చోబెట్టవలసి వచ్చింది. పోటీ 4-2తో ముగిసింది. అంతిమ పోటీలో అత్యుత్తమ ఆటగాడి బహుమతి ఇగ్వడాలాకు దక్కింది. ఆ ఏడాది 82 ఆటల్లో ఒక్కదానికీ అతడు మొదటి అయిదుగురిలో లేడు.

మీరే ఒక ప్రయోగం చేయండి. ఫ్రీత్రో గీత నుంచి ఒంటరిగా 50 బంతులు వేసి ఎన్ని పడ్డాయో రాసుకోండి. మరునాడు అదే వేళకు, మిత్రులు చుట్టూ నిలబడి చూస్తుండగా మరో 50 వేయండి. ఇలా నాలుగు రోజులు మార్చి మార్చి చేయండి. ఒక్కరోజు తేడా చూసి ఏమీ తేల్చకండి. 50 బంతుల్లో ఆరేడు అటూ ఇటూ కావడం మామూలే. నాలుగు రోజుల లెక్కా పక్కపక్కన రాశాక, తక్కువ పడిన రోజున మీరు చేతిని గురించి ఆలోచించారా, రింగును చూశారా అన్నది కూడా పక్కనే రాయండి.