చిన్న వాల్వు చెప్పిన పాఠం

మన మెస్‌లో బియ్యం, పప్పు నిండుగా ఉన్నా గ్యాసు బండ రాకపోతే పొయ్యి వెలగదు. కార్ల తయారీ కూడా అంతే.

విడిభాగాలను నిల్వ చేయకుండా, కావలసిన వేళకు కావలసినన్నే తెప్పించుకోవడాన్ని 'జస్ట్ ఇన్ టైమ్' పద్ధతి అంటారు. జపాన్‌కు చెందిన టయోటా దీనికి ప్రసిద్ధి. దీనివల్ల గోదాము ఖర్చు, వృథా తగ్గుతాయి. కానీ 1997 ఫిబ్రవరి 1న కరియా పట్టణంలోని ఐసిన్ సేకి కర్మాగారం కాలిపోయింది. టయోటా బ్రేకులకు వాడే ఒక చిన్న వాల్వు దాదాపు అంతా అక్కడే తయారయ్యేది. నిల్వ చాలా కొద్దిగానే ఉంది. జపాన్‌లోని టయోటా కర్మాగారాలు ఆగిపోయాయి.

అప్పుడు కుట్టుమిషన్ల కంపెనీతో సహా 60కి పైగా సంస్థలు ఆ వాల్వును తయారుచేసి ఇచ్చాయి. కొద్ది రోజుల్లోనే ఉత్పత్తి మళ్ళీ మొదలైంది.

ముఖ్యమైన వస్తువుకు ఒక్కరినే నమ్ముకోరాదు. కొంత నిల్వ ఉండాలి. అన్నిటికన్నా, ఆపదలో ఆదుకునే స్నేహాన్ని ముందే సంపాదించుకోవాలి. హాస్టల్ మనకు నేర్పేదీ అదే కదా!